ఆరో రేకు

శోభకృత్, ఆషాఢ శుద్ధ పంచమి

అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో సగం మర్చిపోయాను. నాలుగేళ్ళు బడికి వెళ్ళి, పెళ్ళయ్యాక మూడేళ్ళు పెన్సిలు ముట్టుకోకపోతే ఇలాగే ఉంటుంది. తప్పులున్నచోట మన్నించాలి.

ఇది రాశాక నవ్వొచ్చింది. ఎవరిని మన్నించమంటున్నాను? ఈ పుస్తకం ఎవరికీ చూపించను. తెల్లగుడ్డ మూటలో లేసు అడుగున పెడతాను. చేతులు కడుక్కోకుండా ఆ మూట ముట్టుకోకూడదని అత్తయ్య ఇంటిల్లిపాదికీ చెప్పింది. కడుక్కుని ముట్టుకునే ఓపిక నాకు తప్ప ఎవరికీ లేదు.

పుస్తకం వారే తెచ్చారు. నరసాపురం వెళ్ళి వస్తూ బెల్లం, కొబ్బరితాడు, ఇది. గుమ్మం పక్కన పెట్టి, "ఊరికే తెచ్చాను," అని పొలానికి వెళ్ళిపోయారు. నాలుగు రోజులైంది. బాగుందని నేనింకా చెప్పలేదు. చెప్పాలంటే ఇద్దరం ఒకచోట ఉండాలి, మూడో మనిషి ఉండకూడదు, నాకు నోరు రావాలి. మూడూ ఒకసారి కుదరవు.

ఆషాఢ శుద్ధ సప్తమి

వాన. వసారా చివరికి పీట జరుపుకుని లేసు పువ్వులు అతికాను. మెడ పట్టేసింది.

ఆషాఢ శుద్ధ దశమి

అత్తయ్య పెత్తల్లి కూతురు వచ్చింది. నా ఒళ్ళో లేసు చూసి, "మీ కోడలు కూడా కూలికి అల్లుతోందేంటి?" అంది.

"కూలేంటి, మా ఇంట్లో ఆడది గడప దాటదు. తీరికవేళ చేతులు ఊరుకోక ఏదో అల్లుకుంటుంది," అంది అత్తయ్య.

కళ్ళాపి జల్లి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా నాకు ఆ తీరికే. మధ్యలో వంట, దంపుడు, చిలకడం. వేసవిలో ఇంటికి కొత్త తాటాకు కప్పించింది కూడా నా తీరికే. ఆ సంగతి అత్తయ్య చెప్పలేదు. నేనూ తల ఎత్తలేదు.

ఆషాఢ బహుళ విదియ

లోవమ్మ వచ్చింది. పక్షానికోసారి, విదియనాడు, కాలవ పడవలో వస్తుంది. షావుకారు ఇచ్చిన నూలు ఊరూరా పంచి, అల్లినవి పోగుచేసి నరసాపురం చేరుస్తుంది. ఎక్కడెక్కడో ఆడవాళ్ళు పువ్వులు వేస్తారు. వాటిని ఒకదానికొకటి కలపడం నా పని. అతుకుపని అంటారు. నేను అతికిన ముక్కలు ఇంకెవరింటికో పోతాయి, వాళ్ళు అంచు వేస్తారు, తర్వాత ఓడెక్కుతాయట. మొత్తం గుడ్డ ఎలా ఉంటుందో నేను చూడలేదు. లోవమ్మ కూడా చూడలేదట.

పువ్వులు కట్టలుగా వస్తాయి. ఒక్కో కట్టకీ ఒక తాటాకు ముక్క, దాని మీద గీతలు. ఎన్ని గీతలుంటే అది అన్నో మనిషి. పేరుండదు. ఏ ఊరు, ఎవరు అని అడక్కూడదు. "చెబితే నా కూడు పోద్దండి. ఒకరికొకరు తెలిస్తే కూలి రేట్లు మాటాడుకుంటారని షావుకారి భయం," అంది లోవమ్మ ఒకసారి.

ఇదంతా నాకు తెలిసిందే. ఎందుకు రాస్తున్నానంటే అసలు మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఏడు గీతల కట్ట కొత్తగా వచ్చింది. అందులో ప్రతి పువ్వుకీ ఆరో రేకు కొంచెం తల వంచింది.

ఆషాఢ బహుళ తదియ

మళ్ళీ చూశాను. రేకు ముగించేటప్పుడు మూడు గొలుసు కుట్లు వేయాలి. ఆరో రేకుకి నాలుగున్నాయి. ముప్ఫై రెండు పువ్వులకీ.

అది సత్యకుమారి చెయ్యి.

ఆషాఢ బహుళ పంచమి

బడిలో నా పక్కన కూర్చునేది. రేవు దగ్గర పల్లెవాళ్ళ పిల్ల. తండ్రి చేపలు పట్టేవాడు. దాని జడకి ఎండుచేపల వాసనని మిగతా పిల్లలు జరిగి కూర్చునేవాళ్ళు. నేను జరగలేదు. ధైర్యం ఉండి కాదు, జరగడానికి కూడా సిగ్గుపడి. "నువ్వొక్కదానివే నా పక్కన కూర్చుంటావు చిట్టీ," అనేది. నిజం చెప్పలేదు నేను. తర్వాత అదే నిజమైంది.

లేసు నేర్పే అమ్మగారు దాని పువ్వు ఎత్తి చూపించి, "ఆరో రేకుకి నాలుగెందుకు?" అంటే, "ఐదు రేకులు నిలబడ్డాయి కదండీ, ఒకటైనా కూర్చోవద్దాండీ?" అంది. బెత్తం దెబ్బ తింది. మర్నాడు మళ్ళీ నాలుగే వేసింది.

నా జడ అదే కట్టేది. రెండు చెవుల ముడి. లాగితే ఊడదు, ఒక చెవి పట్టుకుని ఎడమకి తిప్పాలి. ఆ కిటుకు మా ఇద్దరికే తెలుసు.

నాకు పెళ్ళయ్యి ఇటు వచ్చాను. దాన్ని సముద్రప్పక్క ఏదో పేటకి ఇచ్చారని విన్నాను. అంతే విన్నాను.

ఆషాఢ బహుళ అష్టమి

లోవమ్మని అడగొచ్చు. చెప్పదు కాబట్టి అడగను.

ఆషాఢ బహుళ ద్వాదశి

పువ్వులు దాని దగ్గరినుంచి నా దగ్గరికి వస్తాయి. నా దగ్గరినుంచి దాని దగ్గరికి ఏదీ వెళ్ళదు. ఒక్కటి తప్ప. పువ్వులో తప్పుంటే అతికేవాళ్ళం దానికి ఎర్రదారం కట్టి, తాటాకు ముక్కతో సహా వెనక్కి పంపాలి. అది వేసిన మనిషి ఇంటికే చేరుతుంది. కూలి కొంచెం కోస్తారు. మూడు ఎరుపులు పడితే నూలు ఆపేస్తారంటారు. అంటారు గానీ అంత మంచి చేతికి ఎవరు ఆపుతారు?

శ్రావణ శుద్ధ విదియ

ఒక పువ్వుకి ఎర్రదారం కట్టాను. రెండు చెవుల ముడి వేశాను. చూడగానే తెలుసుకుంటుంది.

"ఇందులో తప్పేంటండీ?" అంది లోవమ్మ, పువ్వు తిప్పి చూస్తూ.

"ఆరో రేకు," అన్నాను.

ఒక్క పువ్వే కదా.

శ్రావణ శుద్ధ ద్వాదశి

పేరంటాలు. కాళ్ళకి పసుపు రాస్తుంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "పుణ్యస్త్రీ చేతులు ఇంత తెల్లగా ఉండకూడదే," అంది అత్తయ్య. మళ్ళీ తనే సున్నిపిండి తెచ్చి నా గోళ్ళు కడిగింది. తెల్లనూలుకి పసుపు అంటితే పోదు. శ్రావణంలో ఎవరి కట్ట విప్పినా ఒకటో రెండో పసుపు మచ్చలుంటాయి. ఏడు గీతల కట్టలో ఒక్కటి లేదు. సత్యకుమారికి మొదటినుంచీ శుభ్రం ఎక్కువ.

వచ్చినవాళ్ళతో అత్తయ్య గొప్పలు చెప్పింది. "మా కోడలు పువ్వు చూసి వేసిన చెయ్యి చెబుతుంది. ఇది బిగుతు చెయ్యి, ఇది వదులు చెయ్యి, ఇది తొందర చెయ్యి అని." ఇంకా ఏదో అంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

శ్రావణ బహుళ విదియ

ఏడు గీతల కట్ట వచ్చింది. పువ్వులన్నీ నిటారుగా ఉన్నాయి. ఆరో రేకుకీ మూడే.

అలిగింది. బడిలో కూడా అంతే, ఒక మాటంటే మూడు రోజులు నావైపు చూసేది కాదు. లేక పరీక్ష పెడుతోందేమో, నేనేనా కాదా అని. నేనే అని చెప్పాలి. ఇంకో ఎర్రదారం కట్టాను. ఈసారి ముడి చెవులు పొడుగ్గా వదిలాను.

లోవమ్మ నావైపు చాలాసేపు చూసింది. "రెండయ్యాయండి ఆ చేతికి," అంది.

పువ్వు ఆమె తట్టలో వేశాను.

శ్రావణ బహుళ సప్తమి

వారు పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెంబు అందించాను. పుస్తకం సంగతి చెబుదామనుకున్నాను. ఆయనా ఏదో చెప్పబోయారు. అత్తయ్య వచ్చింది.

భాద్రపద శుద్ధ విదియ

నాలుగు గొలుసులు. ఆరో రేకు మళ్ళీ తల వంచింది.

జవాబిచ్చింది. కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, పప్పు మాడింది. కుట్లు మునుపటికన్నా బిగువుగా ఉన్నాయి, సూది దిగనంత బిగువు. కొన్ని పువ్వులకి దీపం పొగ వాసన. నాకోసం జాగ్రత్తగా వేసింది.

చేరింది నీ జవాబు అని ఎలా చెప్పను? నాకున్నది ఒక్కటే దారి.

కట్టాను.

లోవమ్మ వెంటనే తీసుకోలేదు. గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, ఇది మూడోదండి. మీకు తెలిసే కడతన్నారాండి?" అంది.

"తెలిసే," అన్నాను. నాకు తెలిసింది వేరు, తను అడిగింది వేరు. ఆమె వెళ్ళేదాకా నాకది తట్టలేదు. తట్టలేదని రాస్తున్నాను.

భాద్రపద బహుళ విదియ

ఏడు గీతల కట్ట రాలేదు. వరదలకి పడవ ఆలస్యమైంది, అందుకని అయ్యుంటుంది. వచ్చే పక్షం రెండు కట్టలు వస్తాయి.

భాద్రపద బహుళ షష్ఠి

పుట్టింట్లో ఉన్నప్పుడు ఈ రోజుల్లో గోదారి ఎర్రగా పారేది. రేవు మెట్ల మీద ఇద్దరం కూర్చుంటే సత్యకుమారి నీళ్ళలో కాళ్ళు పెట్టేది. నేను పెట్టేదాన్ని కాదు, ఇంట్లో తడి తెలుస్తుందని. ఇప్పుడు పెడతాను. ఇప్పుడెవరు పెట్టమంటారు?

ఆశ్వయుజ శుద్ధ విదియ

ఏడు గీతల కట్ట రాలేదు. కానీ ఇదివరకు నాకు రాని కట్టలు వచ్చాయి. నాలుగు గీతల కట్టలో పువ్వులకి ఆరో రేకు తల వంచింది. తొమ్మిది గీతల కట్టలో కూడా. పదకొండులో కూడా. ఒకే చెయ్యి ఇన్ని కట్టల్లో ఎలా ఉంటుంది?

లోవమ్మ వెళ్ళబోతుంటే కొంగు పట్టుకున్నాను. అలా ఎవరినీ ఎప్పుడూ పట్టుకోలేదు.

"ఏడు గీతలు ఎవరు?"

"చెప్పకూడదండి."

"సత్యకుమారేనా?"

లోవమ్మ తట్ట దించింది. ఇంత పెద్ద మనిషి నా ముందు నేల మీద కూర్చుంది.

"ఆ పిల్ల మీకెలా తెలుసండి?"

చెప్పాను. ఎర్రదారం సంగతి కూడా చెప్పాను. లోవమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత చెప్పింది. విన్నది విన్నట్టు రాస్తాను. రాస్తే ఒకచోట ఉంటుంది.

"ఆ పిల్ల పోయిందండి. పోయినేడు పుష్యమాసంలో పేటకి గత్తర జబ్బొచ్చింది. రెండు రోజులు కూడా పట్టలేదు. ఏడు గీతలు దాని అత్తగారు, రత్తమ్మ. మొగుడు పోయి పదేళ్ళయింది. కాపురానికొచ్చిన ఏడాదే ఆ పిల్ల అత్తకి లేసు నేర్పింది. అత్తని చూసి చుట్టుపక్కల ఇంకో పదిమంది నేర్చారు. అది ఎలా వేస్తే అలాగే నేర్చారు. తప్పని వాళ్ళకేం తెలుసండి? ఎరుపు పడగానే ఆ రేకు తప్పనుకుని రత్తమ్మ తీసేసింది. మళ్ళీ పడింది. అయితే తప్పు రేకుది కాదు, కుట్టు వదులనుకుని, దీపం దగ్గర కూర్చుని బిగించి బిగించి అల్లింది. ఒక కంట్లో నీరు ఇప్పటికీ ఆగలేదు. మూడోది పడింది. నూలు ఆపేశారు."

"మరి ఈ కట్టలు?"

"మిగతా పదిమందీ తలా నూలుండ నుంచి కొంచెం కొంచెం తీసి రత్తమ్మకి ఇస్తన్నారండి. ఆవిడ వేసింది వాళ్ళ కట్టల్లో కలిపేస్తన్నారు. అందరిదీ ఒకే అల్లిక, ఎవరికి తెలుస్తుందిలే అని. మీరు అడిగారు కాబట్టి చెప్పాను. ఇంకెవరికైనా చెబితే పేటంతా మునుగుద్దండి."

ఆశ్వయుజ శుద్ధ పంచమి

పసుపు మచ్చలు అందుకే లేవు.

ఆశ్వయుజ శుద్ధ దశమి

దసరా. రాయడానికి ఏమీ లేదు.

ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి

అది పోయిన పుష్యమాసంలో నేనేం చేస్తున్నాను? వడియాలు పెట్టి ఉంటాను.

ఆశ్వయుజ బహుళ విదియ

ఇవాళ్టిది పూర్తిగా రాయాలి.

లోవమ్మతో పాటు షావుకారి గుమాస్తా జీవరాజుగారు వచ్చారు. మగవాళ్ళు ఎవరైనా వస్తే తలుపు ఓరగా వేసి నేను లోపల ఉంటాను. నేను మెల్లిగా చెప్పింది అత్తయ్య గడపలో కూర్చుని వినిపిస్తుంది. మా ఇంట్లో అదే పద్ధతి. ఆయన వీధి అరుగు మీద కూర్చున్నారు. లోవమ్మ పది కట్టలు పళ్ళెంలో పెట్టి లోపలికి తెచ్చింది.

"మీ కోడలుగారు పువ్వు చూసి చెయ్యి చెబుతారని ఊరంతా అనుకుంటున్నారండి," అన్నారు జీవరాజుగారు.

"ఊరేంటి బాబూ, నేనే చెప్పాను," అంది అత్తయ్య సంబరంగా.

"అందుకే వచ్చానండి. పల్లెపేటలో ఒకావిడకి నూలు ఆపేశాం. పదిమంది ఉండలు పదకొండు చేతులు అల్లుతున్నాయని మా అనుమానం. ఆవిడ వేసినవేవో ఏరి ఇమ్మనండి. అవి ఎవరి కట్టలో దొరికితే వాళ్ళకీ ఆపేస్తాం."

లోవమ్మ నావైపు చూడలేదు. గోడవైపు చూసింది.

కట్టలు విప్పాను. నాకు తెలుస్తూనే ఉంది. సూది దిగని బిగువు ఎక్కడుందో వేళ్ళకే తెలిసిపోయింది. నాలుగు గీతల కట్టలో ఆరు, తొమ్మిదిలో ఐదు, పదకొండులో ఏడు. ఏరి పక్కన పెట్టడం ఒక క్షణం పని.

"అన్నీ ఒకే చెయ్యని చెప్పండి అత్తయ్యా," అన్నాను.

అత్తయ్య చెప్పింది. అరుగు మీద నవ్వు వినిపించింది. "ఒక్క మనిషి పక్షంలో మూడొందల పువ్వులు వేస్తుందాండి?"

"వేసింది చాలామంది. చెయ్యి ఒకటే. ఆరో రేకుకి నాలుగో గొలుసు వేయడం వాళ్ళందరికీ నేర్పిన పిల్లదని చెప్పండి."

అత్తయ్య చెప్పింది. ఆయన నవ్వు ఆగింది. అక్కడితో ఊరుకుంటే పేట గడిచిపోయేది. రత్తమ్మ మాత్రం దొంగచాటుగా మిగిలిపోయేది, ఒక కంటితో.

"ఏడు గీతల కట్టకి పడిన మూడు ఎరుపులూ తప్పుడువి, కట్టింది నేనేనని చెప్పండి."

అత్తయ్య వెనక్కి తిరిగి నన్ను చూసింది. "ఆ మాట నేను చెప్పనమ్మాయ్."

"చెప్పండి అత్తయ్యా."

"నా నోటితో చెప్పను. ఉన్న అతుకుపని పోతుంది. ఊళ్ళో నవ్వుతారు. నోరు మూసుకుని పళ్ళెం బయటికి పంపు."

తలుపు చెక్కకి ఒక చిన్న పగులుంది. అందులోంచి ఆయన చెప్పుల మడమలు కనిపిస్తున్నాయి. వాటికి చెప్పాను.

"ఆ పువ్వుల్లో తప్పు లేదండి. రత్తమ్మ చెయ్యి మంచిది. ఎరుపులు కట్టింది నేను. కావాలని కట్టాను."

నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది.

"ఎవరు మాట్లాడేది?" అన్నారు ఆయన.

"అతికేదాన్నండి."

"కావాలని ఎందుకు కట్టారమ్మా? ఆవిడతో ఏమైనా పగా?"

"కాదండి. నాతో చదువుకున్న పిల్ల అనుకున్నాను. నేనిక్కడున్నానని చెప్పడానికి కట్టాను."

వీధిలో బండి ఒకటి వెళ్ళింది. తర్వాత జీవరాజుగారు ఎవరికో ఉత్తరం చదివినట్టు చెప్పారు. రత్తమ్మకి నూలు మళ్ళీ ఇస్తారు. పేటవాళ్ళ ఉండల సంగతి ఇంక ఎత్తరు. అబద్ధపు ఎరుపులు కట్టినందుకు నాకు అతుకుపని ఉండదు, పువ్వులు వేసుకోవచ్చు. ఇంకొకటి. ఆ నాలుగో గొలుసు ఇకమీదట ఎవరూ వేయకూడదు.

"మూడొందల పువ్వులకి మూడొందల గొలుసులు. నూలు ఊరికే రాదు కదండీ," అన్నారు లేస్తూ. మనిషి చెడ్డవాడు కాదు. నూలు ఆయనది కూడా కాదు.

రత్తమ్మకి పని దొరికింది. సత్యకుమారి చెయ్యి నా నోటితోనే పోయింది.

అత్తయ్య నాతో మాట్లాడలేదు. వారు గడ్డివాము దగ్గర నిలబడి అంతా విన్నారని తర్వాత తెలిసింది. సాయంత్రం నూతి దగ్గరికి వచ్చారు. తిడతారనుకున్నాను. చేద తీసుకుని తనే తోడారు.

"ఆ పిల్ల పేరేంటి?" అన్నారు.

"సత్యకుమారండి."

"ఊఁ."

బిందె నిండింది. ఇంకో బిందె లేదు. అయినా ఇంకో చేద తోడి, కరివేపాకు మొక్కకి పోశారు.

"పుస్తకం బాగుందండి," అన్నాను.

ఆశ్వయుజ బహుళ పంచమి

షావుకారి మనిషి నూలు, కొత్త తాటాకు ముక్క ఇచ్చి వెళ్ళాడు. పద్నాలుగు గీతలు. ఇప్పుడు అది నేను.

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

పువ్వులు వేస్తుంటే చెయ్యి దానంతట అదే నాలుగోదానికి పోతోంది. విప్పి మూడు చేస్తున్నాను.

అత్తయ్య ఇవాళ మాట్లాడింది. "పువ్వులకి కూలి తక్కువటగా," అంది. అవునన్నాను. "గుమాస్తా ముందు గొంతు వణకలేదే నీకు," అంది. వణికిందన్నాను. "నాకు వినపడలేదు," అని లోపలికి వెళ్ళింది.

కార్తీక శుద్ధ విదియ

లోవమ్మ వచ్చింది. తట్ట దించకముందే, "ఇచ్చారండి నూలు. ముందు సగం, మొన్న మిగతా సగం," అంది. పీట మీద కూర్చుని మజ్జిగ తాగింది.

"నా సంగతి చెప్పావా?"

"ఆయ్. చెప్పాను."

"తిట్టిందా?"

"తిట్టకుండా ఉంటుందాండి? గంటసేపు తిట్టింది. తర్వాత గూట్లోంచి కొబ్బరిచిప్ప తీసింది. అందులో మూడు ఎర్రదారాలూ ఉన్నాయి. ముడులు విప్పలేదండి, దారం పక్కన కోసి తీసింది. 'మొదటిది చూసినప్పుడే అనుకున్నాను. నా కోడలు జడ ఇలాగే కట్టేది. దానికి తెలిసినవాళ్ళెవరో ఉన్నారనుకుంటే తిట్టబుద్ధి కాలేదు. నూలు ఆపేసినప్పుడు తిట్టకుండా ఉండబుద్ధి కాలేదు,' అంది."

లోవమ్మ గ్లాసు కడిగి బోర్లించింది. "ఆ ముడి విప్పడం ఎలాగని అడగమందండి. లాగితే రావటంలేదట."

నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. లోవమ్మ తొందరపెట్టలేదు. పడవకి ఇంకా టైముంది, రాసుకోండి అంది బయటినుంచి. రాస్తున్నానని ఎలా తెలుసో.

ఈ కింద రాసింది ఇంకో కాగితం మీద మళ్ళీ రాసి, అది చించి ఆమెకిస్తాను. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ.

రత్తమ్మగారికి, చిట్టెమ్మ రాసేది.

మీ పేట ఆడవాళ్ళలో చదవడం వచ్చింది సత్యకుమారికి ఒక్కదానికేనట. మీకు రాదు. అందుకే నేను రాయగలుగుతున్నాను. మీ ఎదుటికి వస్తే నాకు మాట రాదు.

మీ కన్ను పాడుచేశాను. మీ పొయ్యి ఆర్పబోయాను. పేటవాళ్ళు ఆరనివ్వలేదు. అందులో నా మంచితనం ఏమీ లేదు. నేను పెట్టిన తప్పు మీ పువ్వుల్లో లేదు. నేను దాన్ని చూడాలనుకోవడంలో ఉంది.

ముడికి ఎడమ చెవి పట్టుకుని ఎడమకి తిప్పండి, అదే వస్తుంది. లోవమ్మకి నేర్పి పంపుతున్నాను, చేసి చూపిస్తుంది. మూడూ విప్పకండి. ఒకటి ఉంచండి.

మీరు పువ్వులకి మూడు గొలుసులే వేయండి. మీ పేటవాళ్ళందరినీ మూడే వేయమనండి. మీ తాటాకు మీద ఇక ఎరుపు పడకూడదు. నా తాటాకు కొత్తది, దాని మీద ఇంకా ఒక్క ఎరుపూ లేదు. అంటే నాకు మూడున్నాయి. పక్షానికి ఒక్క పువ్వుకి, ఆరో రేకుకి, నాలుగోది నేను వేస్తాను. ఎక్కడో ఎవరో అతుకుతూ చూస్తారు. చూసి ఊరుకుంటే అది ఇంకో పక్షం ఉంటుంది.

ఒకటి అడగాలని ఉంది. మీకు నేర్పేటప్పుడు అది నవ్వేదా? చెప్పొద్దు. నవ్వే ఉంటుంది.

ఇది ఎవరి చేతా చదివించకండి. మగవాళ్ళ చేత అసలు వద్దు. తప్పులు చాలా ఉన్నాయి, నవ్వుతారు. మీ పొయ్యి రాజేసేటప్పుడు అడుగున పెట్టండి. కాగితం పొడిగా ఉంది, త్వరగా అంటుకుంటుంది.